నీటిరంగుల చిత్రకారుల సావాసం: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా కుంచె పట్టినవాళ్ళు, చాలాకాలంగా ఒంటరిగా వేస్తున్నవాళ్ళు, తమ ఊళ్ళో చిన్న బృందం మొదలుపెట్టాలనుకునేవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. పెద్ద జవాబు అవసరమైనచోట పెద్దగానే చెప్పాం.

నీటిరంగులు ఇంట్లో ఒక్కరే కూర్చుని వేసుకోవచ్చు కదా, తోటివాళ్ళు ఎందుకు?

వేసుకోవచ్చు, చాలామంది అలాగే మొదలుపెడతారు. ఇబ్బంది ఎక్కడంటే, పూర్తయిన నీటిరంగుల బొమ్మ తాను ఎలా తయారైందో పెద్దగా చెప్పదు. నూనెరంగుల్లో కుంచె దెబ్బలు, పొరల మందం చాలావరకు పైకి కనిపిస్తాయి. నీటిరంగుల్లో ఆకాశం ఒక్క వాష్‌లో, అంటే నీళ్ళు కలిపిన రంగును పలుచగా పరిచే ఒక్క పూతలో, పడిపోతుంది. కాగితం ఎంత తడిగా ఉండగా వేశారు, కుంచెలో నీళ్ళెన్ని, రంగెంత, మబ్బు అంచును ఏ క్షణాన మెత్తబరిచారు అనేవి ఆరిపోయాక ఎవరికీ తెలియవు. పక్కన కూర్చున్నవాళ్ళకు మాత్రం అన్నీ తెలుస్తాయి. బోర్డు ఎంత వాలుగా పెట్టారో, కుంచెను గుడ్డకు ఎన్నిసార్లు అద్దారో, ఎక్కడ చెయ్యి ఆపి ఊరకే చూస్తూ కూర్చున్నారో కళ్ళతో చూసి నేర్చుకోవచ్చు. ఈ మాధ్యమంలో సావాసం అంటే మెచ్చుకోలు కాదు, ఒకరి చెయ్యి ఆడుతుండగా ఇంకొకరు చూడటం. కింద చెప్పేవన్నీ ఈ ఒక్క విషయం మీదే నిలబడి ఉన్నాయి.

ఇలా కలిసి వేయడం వల్ల నిజంగా ఎదిగినవాళ్ళు ఉన్నారా?

ఇంగ్లండు నీటిరంగుల చరిత్రలోనే ఉన్నారు. 1790ల్లో లండన్‌లో డాక్టర్ థామస్ మన్రో అనే వైద్యుడు సాయంత్రాలు కుర్ర చిత్రకారులను తన ఇంటికి పిలిచి బొమ్మలు వేయించేవాడు. వాళ్ళలో తర్వాత పేరుపొందిన టర్నర్, గర్టిన్ ఉన్నారు. ఇద్దరూ 1775లో పుట్టినవాళ్ళే. ఆరింటికి వచ్చి పదింటిదాకా ఉండేవారు. ఎక్కువగా జాన్ రాబర్ట్ కోజెన్స్ అనే చిత్రకారుడి స్కెచ్‌లను చూసి వేసేవారు. గర్టిన్ గీతలు గీస్తే టర్నర్ వాష్‌లు వేసేవాడు. కొద్దిపాటి కూలి, రాత్రి భోజనం దొరికేవి. తిండి ఖర్చుకోసం చేసిన పనిలాగే కనిపిస్తుంది గాని, ఇరవై ఏళ్ళు నిండీ నిండని ఆ వయసులో ఒకరి గీత మీద ఇంకొకరు వాష్ వేయడం కంటే గట్టి పాఠం ఏముంటుంది?

1799లో గర్టిన్, మరికొందరు కలిసి ‘ది బ్రదర్స్’ అనే స్కెచింగ్ బృందం పెట్టుకున్నారు. వంతులవారీగా ఒకరి ఇంట్లో కలిసేవారు. ఒక కవితలోని ఘట్టాన్ని అందరికీ అంశంగా ఇచ్చేవారు. ఆ పూట వేసిన బొమ్మలన్నీ ఆతిథ్యం ఇచ్చినవాళ్ళ సొంతం. ఈ ఆఖరి నియమం మనకు ఇప్పటికీ పనికొస్తుంది. బొమ్మ ఇంటికి పట్టుకెళ్ళేది లేదని తెలిస్తే చెయ్యి బిగుసుకోదు, ధైర్యంగా పెద్ద వాష్ వేస్తుంది.

తెలుగునాట అలాంటి ఉదాహరణ ఉందా?

రాజమండ్రి ఉంది. అక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దామెర్ల రామారావు (1897–1925) చేతిలోని పనిని గుర్తించి, బొంబాయి జే.జే. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదవడానికి ప్రోత్సహించాడు. అడివి బాపిరాజు కూడా ఆ కూల్డ్రే శిష్యుడే. రామారావు తిరిగొచ్చి గోదావరి ఒడ్డునే చిత్రకళాశాల నెలకొల్పాడు. భార్య సత్యవాణి, చెల్లెలు కూడా బొమ్మలు వేశారు. ఇరవై ఎనిమిదో ఏట మశూచితో ఆయన పోయాక, ఆ పనిని మిత్రుడు వరదా వెంకటరత్నం భుజాన వేసుకున్నాడు. ఇవాళ రాజమండ్రిలో దామెర్ల పేరిట చిత్రశాల ఉందంటే అది ఆ సావాసం చలవ. మనిషి పోయినా పని ఆగలేదు.

ఇంకో దారి బందరు మీదుగా వెళ్తుంది. జపాన్ చిత్రకారులు యొకొయామా తైకాన్, హిషిదా షున్సో 1903లో కలకత్తా వచ్చి ఠాగూర్ కుటుంబం దగ్గర ఉన్నారు. వాళ్ళు పనిచేస్తుండగా చూసి ఆ ఇంటి చిత్రకారుడు అవనీంద్రనాథ్ ఠాగూర్ తనదైన వాష్ పద్ధతిని తయారు చేసుకున్నాడు. రంగు వేసిన కాగితాన్ని నీళ్ళలో ముంచి, ఆరబెట్టి, మళ్ళీ రంగు వేయడం ఆ పద్ధతి. ఆ బెంగాల్ శైలిలో పెరిగిన ప్రమోద్ కుమార్ చటోపాధ్యాయ మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలకు వచ్చి మనవాళ్ళకు నేర్పాడు. బాపిరాజు అక్కడా నేర్చుకున్నాడు. టోక్యో నుంచి బందరుదాకా ఆ పద్ధతి పుస్తకంలో రాలేదు, మనుషుల పక్కన మనుషులు కూర్చోవడం వల్ల వచ్చింది.

బృందంలో ఎంతమంది ఉండాలి? ఎన్నాళ్ళకోసారి కలవాలి?

నలుగురి నుంచి ఎనిమిది మంది దాకా. అంతకు మించితే అందరి బొమ్మలూ చూసే తీరిక ఉండదు. నెలకు రెండుసార్లు, రెండున్నర గంటల చొప్పున, వారంలో ఒకే రోజు, ఒకే వేళ పెట్టుకోండి. ‘వీలైనప్పుడు కలుద్దాం’ అనుకున్నవాళ్ళు కలవరు. ఏడాదిపాటు నెలకోసారి వచ్చే మనిషి, నెలంతా రోజూ వచ్చి మాయమయ్యే మనిషి కంటే ఎక్కువ నేర్చుకుంటాడు, ఎక్కువ నేర్పుతాడు కూడా.

అందరూ ఒకే స్థాయిలో ఉండాలా అని కూడా అడుగుతుంటారు. అక్కర్లేదు. మీకంటే నాలుగడుగులు ముందున్నవాళ్ళు ఒకరిద్దరు, మీతోపాటు నడిచేవాళ్ళు ఇద్దరు ముగ్గురు, కొత్తవాళ్ళు ఒకరిద్దరు ఉంటే సరిపోతుంది. కొత్తవాళ్ళు ‘ఇక్కడ ఎందుకు ఆగారు?’ అని అడిగినప్పుడే పాతవాళ్ళకు తమ చెయ్యి ఏం చేస్తోందో తెలిసొస్తుంది.

ఒక పూటను ఎలా నడపాలి?

మొదటి పదిహేను నిమిషాలు: పోస్టుకార్డు సైజులో మూడు టోన్ల (వెలుగునీడల మెట్ల) స్కెచ్. కాగితం తెలుపు, ఒక మధ్య బూడిద, ఒక ముదురు, అంతే. పెన్సిలైనా సరే, ఒకే రంగైనా సరే. ఇది దాటేసి నేరుగా రంగులోకి దిగిన బొమ్మలే చివర్లో చప్పగా వస్తాయి.

తర్వాత నలభై నిమిషాలు: అందరూ ఒకే అంశం, ఒకే మూడు రంగులు. అల్ట్రామెరీన్ నీలం, బర్ంట్ సియెనా, ఎల్లో ఓకర్ మంచి ముగ్గురు. మొదటి రెండూ కలిస్తే వెచ్చని బూడిద నుంచి చల్లని బూడిద దాకా అన్నీ వస్తాయి. రంగులు ఒకటే అయినప్పుడు తేడా అంతా నీళ్ళలోనూ సమయంలోనూ ఉందని అందరికీ కళ్ళకు కడుతుంది. ఈ నలభై నిమిషాలు మాటలు వద్దు, కానీ పక్కవాళ్ళ కాగితం మీదికి చూపు పోనివ్వండి. ఫోన్‌లో గంట పెట్టుకుని, మోగగానే కుంచెలు దించేయాలి. పూర్తి కాకపోయినా సరే.

ఇరవై నిమిషాల విరామం, టీ. బొమ్మలు ఆరాలి గదా. ఆరాక రంగు లేతబడుతుంది. తడిగా ఉండగా సరిపోయిందనుకున్న ముదురు, ఆరేసరికి కొంత బలం పోగొట్టుకుంటుంది. కాబట్టి తడి బొమ్మ మీద అభిప్రాయం చెప్పకండి.

మిగతా సమయం: బొమ్మలన్నీ గోడకు వరుసగా పెట్టి, రెండు మూడు మీటర్ల దూరం నుంచి చూడటం.

నెలకోసారి మన్రో ఇంటి పద్ధతి ప్రయత్నించండి. ఒకరు పెన్సిల్ గీత గీసి పక్కవాళ్ళకు ఇస్తారు, వాళ్ళు వాష్ వేస్తారు. మీ గీతలో అనవసరమైనవి ఎన్ని ఉన్నాయో, ఇంకొకరు వాటి మీద రంగు వేయలేక తడబడినప్పుడు తెలుస్తుంది.

అందరూ ‘చాలా బాగుందండీ’ అంటారు. దానివల్ల నాకేం ఒరగడం లేదు. ఏం చేయాలి?

మన బృందాల్లో ఇది అన్నిటికంటే పెద్ద అడ్డంకి. పెద్దవాళ్ళ బొమ్మను చిన్నవాళ్ళు తప్పుపట్టరు, కొత్తవాళ్ళను నొప్పించకూడదని పాతవాళ్ళు నోరు మెదపరు. మర్యాద మంచిదే, దాన్ని చెడగొట్టకుండా నిజం చెప్పుకునే పద్ధతి కావాలి.

ఒక్కో బొమ్మకు ఎనిమిది నుంచి పది నిమిషాలు. వేసిన మనిషి ముందుగా ఒక్క ప్రశ్న అడగాలి: ‘ఈ చెట్టు వెనక్కి వెళ్ళిందా, ముందుకొచ్చిందా?’ లాంటిది. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అనే వస్తుంది, అందులో చెప్పినవాళ్ళ తప్పేం లేదు. తర్వాత వేసినవాళ్ళు మాట్లాడకూడదు. చూసేవాళ్ళు ముందు కంటికి కనిపించేది చెప్పాలి: చూపు మొదట ఎక్కడికి పోయింది, ఆ తర్వాత ఎటు వెళ్ళింది, ఎక్కడ చిక్కుకుంది. తీర్పు తర్వాత. మాట వయసులో చిన్నవాళ్ళతో మొదలుపెట్టండి. పెద్దవారు ముందు చెప్పేస్తే మిగతావాళ్ళు దానికే తల ఊపుతారు. చివర్లో ఒక్కొక్కరు ఒకే ఒక్క సూచన, అదీ చేయగలిగింది. ‘లోతు లేదు’ కాదు, ‘ఈ గోడ నీడను ఇంకో రెండు మెట్లు ముదురు చేస్తే వెలుగు నిలబడుతుంది’ అనాలి.

వాదన వస్తే ఫోన్‌తో ఫొటో తీసి నలుపు–తెలుపులోకి మార్చండి. టోన్ల గొడవ అక్కడే తేలిపోతుంది. బొమ్మను తలకిందులు చేసి చూడటం కూడా మంచి పరీక్ష.

ఒకరి బొమ్మ మీద ఇంకొకరు కుంచె పెట్టకూడదు, గురువైనా సరే. చూపించాలనుకుంటే వేరే ముక్క మీద చూపించండి. దిద్దిన బొమ్మ ఇంటికెళ్ళాక ఎవరిదీ కాకుండా పోతుంది.

తోటివాళ్ళ బొమ్మల్లో ఏ తప్పులు చూసి నేర్చుకోవచ్చు?

మన తప్పుల కంటే పక్కవాళ్ళ తప్పులు తొందరగా అర్థమవుతాయి, ఎందుకంటే అవి జరుగుతుండగా మనం తీరిగ్గా చూస్తాం.

ఎక్కువగా కనిపించేది క్యాలీఫ్లవర్ మరక. వాష్ సగం ఆరి మెరుపు తగ్గే దశలో, దానికంటే తడిగా ఉన్న కుంచె తగిలితే, కొత్త నీరు పాత రంగును నెట్టుకుంటూ పోయి, అంచున దాన్ని పోగేసి వదిలేస్తుంది. నియమం ఒక్కటే: కాగితం మీది తడి కంటే కుంచెలో తడి తక్కువ ఉండాలి. దీనికి కాగితాన్ని పక్క నుంచి వెలుగుకు ఎదురుగా చూడటం అలవాటు చేసుకోవాలి. నీళ్ళు నిలిచి అద్దంలా మెరుస్తుంటే రంగు దానంతటదే పరుగెడుతుంది, అదుపు ఉండదు. మెరుపు ఉన్నా నీళ్ళు నిలవకపోతే మెత్తని అంచులకు మంచి వేళ. మెరుపు పోయి మసకబారిందా, చెయ్యి తీసేయండి, ఇదే ప్రమాదం. పూర్తిగా ఆరినట్టు కనిపిస్తున్నా చేతి వెనక భాగంతో తాకితే చల్లగా ఉంటే ఇంకా లోపల తడి ఉన్నట్టే. నలుగురు కూర్చుని ‘ఇప్పుడు!’ ‘ఇంకా కాదు!’ అని పైకి చెప్పుకుంటూ ఒక్క పూట వాష్‌లు వేస్తే, ఈ దశలు కొన్ని నెలల ఒంటరి సాధన కంటే బాగా పట్టుబడతాయి.

రెండోది బురద. నాలుగైదు రంగులు కలపడం ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం సగం ఆరిన పొరను మళ్ళీ మళ్ళీ రుద్దడం. ఎవరైనా ఒకేచోట నాలుగోసారి కుంచె ఆడిస్తుంటే, మెల్లగా పేరు పెట్టి పిలవండి. చాలు, వాళ్ళే ఆపేస్తారు.

మూడోది పిరికితనం: బొమ్మంతా లేత మధ్య టోన్లలో ఉండిపోవడం. పలుచని రంగు వేసి, చాలక మళ్ళీ వేసి, మళ్ళీ వేయడం వల్ల వస్తుంది. పక్కన కూర్చున్న మనిషి పాలెట్‌లో వెన్నలాంటి చిక్కదనంతో రంగు తీయడం చూసినప్పుడు ఈ భయం పోతుంది.

కాగితం, రంగులు కలిసి కొనడం లాభమేనా?

లాభమే, అయితే డబ్బు ఆదా కంటే ఇంకో లాభం పెద్దది. అందరిదీ ఒకే కాగితమైతే ఒకరి పద్ధతి ఇంకొకరికి పనిచేస్తుంది. పూర్తి కాటన్, కోల్డ్ ప్రెస్డ్ (కాస్త గరుకుగా ఉండేది), 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) తీసుకోండి. ఆర్చెస్, సాండర్స్ వాటర్‌ఫోర్డ్ లాంటివి పూర్తి షీట్లుగా, 56 × 76 సెంటీమీటర్ల కొలతలో దొరుకుతాయి. నాలుగు చేస్తే 28 × 38, ఎనిమిది చేస్తే 19 × 28. అభ్యాసానికి ఎనిమిదో వంతు చాలు. స్కూలు డ్రాయింగ్ కాగితం మీద తడి మీద తడి వాష్ వేసి ‘నాకు రాదు’ అని నిరాశపడేవాళ్ళు ఎందరో ఉన్నారు. చాలాసార్లు తప్పు చేతిది కాదు, నీళ్ళు పట్టుకోలేని కాగితానిది. బృందంలో ఎవరైనా ఒక ముక్క మంచి కాగితం ఇచ్చి వేయించడమే దీనికి మందు.

విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో కాగితాన్ని పాలిథీన్ కవర్లో సిలికా జెల్ పొట్లాలు వేసి గట్టిగా మూసి దాచండి. తేమ తగిలితే కాగితం పైనుండే సైజింగ్, అంటే నీళ్ళు వెంటనే ఇంకకుండా ఆపే పూత, పాడవుతుంది. అప్పుడు వాష్ వేయగానే రంగు అక్కడక్కడా మచ్చలుగా ఇంకిపోతుంది, దాన్ని బాగుచేయడం కుదరదు. బృందం కోసం ఒకేసారి ఎక్కువ షీట్లు కొని అటక మీద పెట్టొద్దు.

రంగుల గురించి మాట్లాడుకునేటప్పుడు పేరు కాదు, ట్యూబు మీది పిగ్మెంట్ కోడ్ (అందులోని రంగుపొడికి గుర్తు) చెప్పుకోండి. సాప్ గ్రీన్ ఒక్కో కంపెనీలో ఒక్కో మిశ్రమం. పీబీ29 అంటే ఎక్కడైనా అల్ట్రామెరీనే. పీఆర్83 అని ఉన్న అలిజరిన్ క్రిమ్సన్ వెలుగుకు వెలిసిపోతుంది. అమ్మే బొమ్మల్లో వాడొద్దని కొత్తవాళ్ళకు మొదటిరోజే చెప్పండి.

బయటికెళ్ళి వేసేటప్పుడు?

వేసవిలో హైదరాబాద్ గాలి పొడిగా ఉంటుంది, పలుచని వాష్ చూస్తుండగానే ఆరిపోతుంది. ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిది మధ్య ముగించండి. కాగితాన్ని వెనకవైపు కూడా తడిపితే కాస్త వ్యవధి దొరుకుతుంది. తీరంలో దీనికి తలకిందులు: వాష్ ఎంతకీ ఆరదు, కాబట్టి ఒక్కొక్కరు రెండు చిన్న బొమ్మలు పక్కపక్కనే నడపాలి. కాగితం మీద నేరుగా ఎండ పడకుండా కూర్చోండి. తెల్ల కాగితం కళ్ళు చెదరగొట్టి, రంగు ఎంత ముదురో తేల్చుకోనివ్వదు, ఇంటికొచ్చి చూస్తే బొమ్మ వేరేలా కనిపిస్తుంది. కోటల్లో, పురావస్తు కట్టడాల్లో స్టాండు వేయాలంటే ముందే అనుమతి అడగండి. ఒడిలో బోర్డుకు సాధారణంగా ఎవరూ అభ్యంతరం చెప్పరు. మనిషికి లీటరు నీళ్ళు, రెండు డబ్బాలు: ఒకటి కడగడానికి, ఒకటి శుభ్రమైన నీటికి.

అందరం కలిసి వేస్తే అందరి బొమ్మలూ ఒకేలా అయిపోవా?

అవుతాయి, ఒకే గురువు చుట్టూ తిరిగే బృందాల్లో మరీనూ. అదే గొడుగు మనిషి, అదే తడి రోడ్డు, అదే నారింజ ఆకాశం. మొదటి ఏడాది అనుకరణకు భయపడకండి, చేతికి అది కావాలి. ఆ తర్వాత మాత్రం జాగ్రత్తపడాలి. అవనీంద్రనాథ్ కథలో జపనీయులు కుంచెతో నీళ్ళు అద్దేవారు, ఆయన కాగితాన్నే ముంచేశాడు. చూసి నేర్చుకున్నదాన్ని తన అవసరానికి వంచుకోవడం అంటే అది. దీనికి బృందంలో చేయగలిగిన పని: పద్ధతిని పంచుకోండి, అంశాన్ని పంచుకోకండి. మూడు పూటలు ఒకే అంశమైతే, నాలుగో పూట ఎవరి వీధి వాళ్ళు, ఎవరి వంటిల్లు వాళ్ళు వేసుకురావాలి. రెఫరెన్స్ ఫొటో ఎవరు తీశారో బొమ్మ వెనక రాయడం అలవాటు చేసుకోండి.

పెద్ద సొసైటీల్లో, ప్రదర్శనల్లో చేరడం అవసరమా?

తొందరేమీ లేదు. ఆ సంస్థలు పుట్టిన కారణం తెలుసుకుంటే వాటి విలువ తెలుస్తుంది. లండన్ రాయల్ అకాడమీలో నీటిరంగులకు మూల గదుల్లో చోటు, నూనెరంగుల మధ్య చిన్నచూపు. అందుకే 1804లో నీటిరంగుల చిత్రకారులు సొంత సొసైటీ పెట్టుకుని, మరుసటి ఏడాది సొంత ప్రదర్శన నడిపారు. ఇప్పటి రాయల్ వాటర్‌కలర్ సొసైటీ అదే. చిన్నచూపుకు లోనైనవాళ్ళు పెట్టుకున్న ఆ సంస్థలో కూడా ఒక మహిళ పూర్తి సభ్యురాలు కావడానికి 1890 దాకా పట్టింది. ఆమె హెలెన్ ఆలింగ్‌హమ్. మీ బృందం తలుపు ఎవరికి మూసుకుని ఉందో ఒకసారి చూసుకోండి. సాయంత్రం ఏడు తర్వాత పెట్టే సమావేశాలకు ఎంతమంది ఆడవాళ్ళు రాగలుగుతున్నారు?

పోటీ ప్రదర్శనలకు పంపేటప్పుడు నిబంధనలు పూర్తిగా చదవండి. చాలాచోట్ల వర్క్‌షాపులో గురువు పర్యవేక్షణలో వేసినవి, ఇతరుల ఫొటోల నుంచి వేసినవి తీసుకోరు. పంపేముందు బృందం ముందు పెట్టి, ముగ్గురు వేర్వేరుగా ఎంచిన బొమ్మనే పంపండి. మనకు కష్టం ఎక్కువైన బొమ్మ మీద మమకారం ఎక్కువ, న్యాయనిర్ణేతకు ఆ కష్టం కనబడదు.

బృందాలు ఎందుకు విడిపోతాయి?

డబ్బు, వేదిక, ఒకే మనిషి మీద భారం. లెక్కలు నెలనెలా అందరికీ చూపండి. నిర్వహణ మూడు నెలలకోసారి చేతులు మారాలి. ఎవరి బొమ్మలు అమ్ముడవుతున్నాయన్న పోలిక మొదలైతే అమ్మకాల సంగతి సమావేశంలోకి తేకండి. ఇద్దరికి పడకపోతే వాళ్ళను ఒప్పించడానికి ఆరు నెలలు పాడుచేసుకోవద్దు, రెండు చిన్న బృందాలుగా విడిపోవడంలో అవమానమేమీ లేదు.

మా ఊళ్ళో ఇంకెవరూ వేయరు. లేదా మేం విదేశంలో ఉన్నాం. మాకెలా?

ఒక్క తోడు దొరికితే చాలు. పూర్తయిన బొమ్మల ఫొటోలు పంపుకోవడం తక్కువ ఉపయోగం, మొదట చెప్పిన కారణం వల్లే. వీడియో కాల్ పెట్టి ఇద్దరూ ఒకే సమయంలో వేయండి. ఫోన్‌ను నేరుగా పైన కాకుండా పక్క నుంచి, కాగితానికి సుమారు 30 డిగ్రీల కోణంలో నిలబెడితే తడి మెరుపు అవతలివాళ్ళకు కనిపిస్తుంది. పాలెట్, నీళ్ళ డబ్బా కూడా ఫ్రేములో ఉండాలి. కెమెరా దానంతటది వెలుగు మార్చేసుకుంటుంది కాబట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేయండి, బొమ్మ పక్కన ఒక తెల్ల కాగితం ముక్క పెట్టండి. ఇద్దరూ ఒకే కాగితం, ఒకే మూడు రంగులు వాడండి. ఎంతసేపటికి ఆరిందో కాగితం వెనక రాసిపెట్టుకోండి. డాలస్‌లో ఏసీ గదిలోనూ అమలాపురంలో వరండాలోనూ ఒకే వాష్ వేరువేరుగా ఆరుతుంది. నాలుగైదు పూటల అంకెలు చేతికొస్తే, అవతలి మనిషి ‘ఇప్పుడు’ అన్నప్పుడు మీ దగ్గర ఇంకెంతసేపు ఆగాలో తెలుస్తుంది.